బుజ్జిగాడు పాకుతున్నాడు... జిమ్మీని ఏం చేద్దాం?

ఆరేళ్ళుగా ఇంట్లో మనిషిలా తిరుగుతున్న కుక్క ఒకవైపు. ఇప్పుడిప్పుడే గడప దాటడం నేర్చిన బిడ్డ మరోవైపు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. కానీ నిర్ణయం మాత్రం తీసుకోక తప్పదు. ఆ నిర్ణయం తొందరపడి తీసుకోవద్దు, వాయిదా వేయనూవద్దు.

మధ్యాహ్నం రెండు గంటలు. గాజులరామారంలో ఓ చిన్న ఇల్లు. రెండు గదులు, ముందు వరండా, ఆ ముందు గేటు. శ్రీవారు జీడిమెట్లలో కంపెనీకి వెళ్ళారు. అత్తగారు లోపల నడుం వాల్చారు. ఇల్లాలు దండెం మీద బట్టలు ఆరేస్తోంది. పదకొండు నెలల బుజ్జిగాడు చడీచప్పుడు లేకుండా గడప దాటి వరండాలోకి పాకాడు. మూలన జిమ్మీ పెరుగన్నం తింటోంది. ఎండకు తళతళలాడుతున్న ఆ స్టీలు గిన్నె బుజ్జిగాడికి భలే నచ్చింది. చెయ్యి చాచాడు.

"గుర్ర్ర్..."

అంతే. జిమ్మీ కరవలేదు. పన్ను తగల్లేదు. పెదవి పైకి లేపి ఒక్కసారి గుర్రుమంది. తడి బట్టలు అక్కడే పడేసి ఇల్లాలు ఒక్క ఉదుటున బిడ్డను ఎత్తుకుంది. బుజ్జిగాడు నవ్వుతూనే ఉన్నాడు. ఆ తల్లికి మాత్రం సాయంత్రం దాకా గుండెదడ తగ్గలేదు.

రాత్రి భోజనాల దగ్గర పంచాయితీ మొదలైంది.

"నేను ముందే చెప్పిన. పిల్లగాడు పుట్టినంక కుక్క ఎందుకని. పొద్దుగాల తీస్కపోయి యాడన్న వదిలిపెట్టి రా బిడ్డా" అన్నారు అత్తగారు.

"ఆరేండ్ల సంది ఉంటున్నది, ఒక్కనాడు ఎవ్వర్ని ఏమనలే. నువ్వు జర పిల్లగాన్ని చూసుకోవాలె గదా!" అని భార్యవైపు చూశాడు ఆయన.

"మొరిగే కుక్క కరవదంటరు గదా వదినా, భయపడకు" అని గోడ అవతల నుంచి పక్కింటామె.

ఇంతమంది ఇన్ని చెప్పారు. "నీకేమనిపిస్తోంది?" అని ఆ ఇల్లాలిని అడిగినవాళ్ళు లేరు!

ఇది ఏ ఒక్కరి ఇంటి సంగతో అనుకోకండి. కుక్కనూ పసిబిడ్డనూ ఒకే కప్పు కింద పెంచుతున్న చాలా ఇళ్ళలో కాస్త అటూఇటూగా ఇదే కథ. కుక్కను తెచ్చేటప్పుడు సరదా అందరిదీ. బిడ్డ వచ్చాక కాపలా మాత్రం తల్లిది. బిడ్డకు గీత పడినా నింద ఆమె మీదకే, కుక్కను పంపేస్తే "మూగజీవిని వెళ్ళగొట్టింది" అన్న మాటా ఆమె మీదకే. అందుకే ఈ విషయం కాస్త నింపాదిగా మాట్లాడుకుందాం.

భయం ఉత్తిది కాదు

కుక్కల పేరెత్తితే మన ఊళ్ళో తల్లుల గుండె జారడానికి కారణం ఉంది. 2023 ఫిబ్రవరి 19న అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు వీధికుక్కల దాడిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. సీసీ కెమెరాకు చిక్కిన ఆ దృశ్యం చూసి కంటతడి పెట్టని అమ్మ లేదు. 2024 ఏప్రిల్‌లో మన కుత్బుల్లాపూర్ వైపే రెండున్నరేళ్ళ పాప. అదే ఏడాది జూలైలో జవహర్‌నగర్‌లో ఏడాదిన్నర బాబు. వీధికుక్కల గొడవ 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

"అవన్నీ వీధికుక్కలు. మా జిమ్మీ అలాంటిది కాదు" అంటారు కదూ? సగం నిజమే. ఇంటి కుక్కకు టీకాలు వేయిస్తాం, కడుపు నిండా పెడతాం, దానికి మన మనుషులు తెలుసు. మిగతా సగం కూడా వినండి. నడక నేర్చే వయసు పిల్లల్ని కరిచేది చాలాసార్లు వాళ్ళకు బాగా తెలిసిన కుక్కేనని అనేక దేశాల్లో పిల్లల డాక్టర్లు గమనించారు. కారణం తేలికే. బయటి కుక్క దగ్గరకు బిడ్డను మనం పోనివ్వం. ఇంటి కుక్క దగ్గర ఏమరుపాటుగా ఉంటాం.

ఇంకో సంగతి. పెద్దవాళ్ళను కుక్క కరిస్తే కాలో చెయ్యో దొరుకుతుంది. పాకే బిడ్డ ముఖం, కుక్క ముఖం ఒకే ఎత్తులో ఉంటాయి. అందుకే చిన్నపిల్లలకు కాట్లు తల మీద, ముఖం మీద, మెడ మీద పడతాయి. మనకు చిన్న గాయంతో పోయేది బిడ్డకు ప్రాణం మీదకు రావచ్చు. కుక్క చెడ్డదై ఉండక్కర్లేదు. ఒక్కసారి ఉలిక్కిపడితే చాలు.

మొరిగే కుక్క కరవదా?

సామెత సామెతే. దాన్ని నమ్ముకుని పసివాణ్ణి వదలకండి. మొరిగే కుక్కా కరుస్తుంది, మొరగనిదీ కరుస్తుంది. కాకపోతే కరిచే ముందు చాలా కుక్కలు మనకు చెప్పే కరుస్తాయి. ఆ భాషే మనకు తెలియదు.

బిడ్డ దగ్గరకు రాగానే కుక్క ముఖం పక్కకు తిప్పుకుంటోందా? నిద్ర రాకుండానే ఆవులిస్తోందా? తిండి లేకపోయినా పెదవులు నాక్కుంటోందా? చెవులు వెనక్కి వాల్చి, లేచి మరో మూలకు పోతోందా? "నాకు ఇబ్బందిగా ఉంది, కాస్త దూరం జరగండి" అని అర్థం. అప్పటికీ మనం పట్టించుకోకపోతే కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. ఒళ్ళు కర్రలా బిగుసుకుపోతుంది. ఆ తర్వాత గుర్రుమంటుంది. అదీ వినకపోతే పళ్ళు చూపిస్తుంది. చివరిది కాటు.

"తోక ఊపుతోంది కదా, ఆడుకుంటోంది" అనుకోవడమూ పొరపాటే. ఒళ్ళంతా వదులుగా, నడుం కూడా కదిలేలా ఊపితే సంతోషం. ఒళ్ళు బిగబట్టి తోక ఒక్కటే నిటారుగా ఊపుతుంటే జాగ్రత్త పడాలి.

ఇక అన్నిటికన్నా పెద్ద పొరపాటు, గుర్రుమన్నందుకు కుక్కను కొట్టడం. ఆ రాత్రి జిమ్మీకి శ్రీవారు రెండు దెబ్బలు వేశారనుకోండి. అది నేర్చుకునే పాఠం "బిడ్డను ఏమీ అనకూడదు" అని కాదు. "గుర్రుమంటే దెబ్బలు పడతాయి" అని. మరోసారి గుర్రుమనకుండానే కరుస్తుంది. మోగే గంటను మనమే విరగ్గొట్టుకున్నట్టు! గుర్రుమంటే తిట్టకుండా, అరవకుండా బిడ్డను ఎత్తుకుని దూరంగా జరగండి. ఎందుకు గుర్రుమందో తర్వాత నిదానంగా ఆలోచించండి.

ఆరేళ్ళు లేనిది ఇప్పుడెందుకు?

ఇక్కడ మన ఆచారం ఒకటి గుర్తు చేసుకోవాలి. కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్తుంది. తొట్టెల అయి, మూడో నెలో ఐదో నెలో నిండాక బిడ్డతో అత్తింటికి వస్తుంది. అన్ని నెలలూ కుక్కకు ఏం తెలుసు? తనకు రోజూ అన్నం పెట్టే మనిషి మాయమైంది. యజమాని సెలవు దొరికితే చాలు అత్తారింటికి పరుగు. పొద్దున్నే తిప్పుకొచ్చేవాళ్ళు లేరు. ఒకరోజు హఠాత్తుగా ఆ మనిషి తిరిగొచ్చింది, చేతుల్లో ఏడ్చే కొత్త ప్రాణి! దగ్గరకు వెళ్తే అందరూ "ఛీ, పో" అంటున్నారు. ఇన్నాళ్ళు లోపల పడుకున్నదాన్ని వరండాలో గొలుసుతో కట్టేశారు. మరో నాలుగు నెలలకు ఆ ప్రాణి నేల మీద పాకుతూ తన గిన్నె దగ్గరకే వచ్చేసింది.

పుట్టింటికి వెళ్ళే ముందే ఇంట్లో పద్ధతులు మార్చుకోవడం మంచిది. కుక్క ఎక్కడ పడుకోవాలో, ఎక్కడికి రాకూడదో బిడ్డ రాకముందే అలవాటు చేయాలి. అప్పుడు ఆ మార్పుకూ బిడ్డకూ అది ముడిపెట్టుకోదు. శ్రీవారు బిడ్డను చూడ్డానికి వచ్చినప్పుడు, బిడ్డను చుట్టిన మెత్తటి గుడ్డ ఒకటి ఇచ్చి పంపండి. వాసన ముందే పరిచయమవుతుంది.

రెండో కారణం నొప్పి. మెత్తగా ఉండే కుక్క హఠాత్తుగా చిరాకు పడుతుంటే పశువుల డాక్టరుకు చూపించకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి. చెవిలో చీము, పంటి నొప్పి, వయసు పైబడి కీళ్ళ నొప్పులు, పిడుదుల వల్ల వచ్చే జ్వరం... అది నోరు తెరిచి చెప్పలేదు. నొప్పి ఉన్నచోట బిడ్డ చెయ్యి పడితే గుర్రుమంటుంది. మందులతో తగ్గిపోయే జబ్బుకు కుక్కను ఇంట్లోంచి పంపేస్తే అన్యాయం కదూ? హఠాత్తుగా నడవడి మారిపోవడం రేబిస్ లక్షణం కూడా కావచ్చు. అందుకే డాక్టరు దగ్గరకు వెళ్ళడంలో ఆలస్యం వద్దు.

మూడో కారణం గొలుసు. రోజంతా గేటు పక్కన కట్టేసిన కుక్క, భయం వేస్తే పారిపోలేదు. పారిపోలేనిది తిరగబడుతుంది. కట్టేశాం కదా అని ధీమాగా ఉంటాం. బిడ్డ మాత్రం గొలుసు అందేంత దూరంలోకి తనే పాకుతూ వెళ్తాడు!

ఇల్లు చిన్నది, కళ్ళు రెండే

ఇప్పుడు అసలు ప్రశ్న. చాలామంది "మా కుక్క మంచిదా, కాదా?" అని ఆలోచిస్తారు. ఆ ప్రశ్న పక్కన పెట్టండి. ఎంత మంచి కుక్కయినా, ఎంత బుద్ధిమంతుడైన బిడ్డయినా, ఇద్దరినీ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. ఇది పశువైద్యులూ పిల్లల వైద్యులూ ఇద్దరూ ఒప్పుకునే మాట. కాబట్టి అడగాల్సింది ఇది: "మా ఇంట్లో వీళ్ళిద్దరినీ రోజంతా వేరుగా ఉంచడం, కలిసి ఉన్నంతసేపూ కంటి ముందు ఉంచుకోవడం సాధ్యమా? ఆ పని ఎవరు చేస్తారు?"

కాగితం మీద లెక్క వేసి చూడండి. పొద్దున్న ఆరు నుంచి రాత్రి పది దాకా పదహారు గంటలు. నల్లా నీళ్ళు పట్టేటప్పుడు బిడ్డ ఎవరి దగ్గర? స్నానానికి వెళ్తే? పొయ్యి మీద పాలు పొంగుతుంటే? అత్తగారు చూస్తారంటారా? మోకాళ్ళ నొప్పులున్న మనిషి పాకే బిడ్డ వెనక పరుగెత్తగలరా? శ్రీవారు ఇంట్లో ఉండేది ఎన్ని గంటలు? ఆ గంటల్లో చూసే బాధ్యత ఆయనదేనా, లేక అప్పుడూ మీదేనా?

ఈ లెక్కలో ఒక్కరి పేరే పదహారు గంటలూ వస్తుంటే, ఆ ఏర్పాటు నిలవదు. ఎంత ప్రేమున్నా మనిషన్నాక కునుకు పడుతుంది. పాలమ్మాయి పిలిస్తే గేటు దాకా వెళ్తుంది. ప్రమాదాలు జరిగేది ఆ ఒక్క నిమిషంలోనే. "నువ్వు చూసుకోవాలె గదా" అనడం తేలిక. ఆ మాట అన్నవారిని "ఏ పూట మీరు చూస్తారు?" అని అడగండి. అడగడంలో తప్పు లేదు.

ఉంచుకుంటే...

లెక్క కుదిరితే, ఇంట్లో అందరూ తలా ఒక పూట తీసుకుంటే, కుక్క ఎన్నడూ కరవలేదంటే, డాక్టరు చూసి నొప్పీ జబ్బూ లేవంటే, నిశ్చింతగా ఉంచుకోవచ్చు. కొన్ని ఏర్పాట్లు మాత్రం తప్పవు.

గడపకు మూడడుగుల ఎత్తున అడ్డతలుపు పెట్టించండి. వడ్రంగి చెక్కతో చేస్తాడు, వెల్డింగ్ షాపులో ఇనుప గ్రిల్లయినా చేయించొచ్చు. కడ్డీల సందులో బిడ్డ తల పట్టకుండా చూసుకోండి. కుక్కకూ బిడ్డకూ మధ్య చీర కట్టడం, కుర్చీ అడ్డం పెట్టడం పనికిరావు.

కుక్కకు అన్నం వేరే చోట, తలుపు వేసి పెట్టండి. తినడం కాగానే గిన్నె తీసేయండి. ఎముక, బొమ్మ లాంటివి బిడ్డ తిరిగేచోట ఉండకూడదు. బిడ్డ చేతిలో బిస్కట్టు ఉన్నప్పుడు కుక్క దగ్గర లేకుండా చూడండి.

కుక్క పడుకునే చోటు దానిదే. మేల్కొలపడానికి కూడా బిడ్డను అక్కడికి పోనివ్వద్దు. తోక లాగడం, మీదెక్కడం, మెడ కౌగిలించుకోవడం చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. ఫోన్‌లో ఫొటోలు తీసి చుట్టాలకు పంపుతాం. కానీ కుక్కకు కౌగిలింత అంటే బంధించడమే. ఆ ఫొటోల్లో ఈసారి బిడ్డను కాక కుక్క ముఖం చూడండి. ముఖం తిప్పుకుందా, బిగుసుకుందా మీకే తెలుస్తుంది.

పొద్దున్నా సాయంత్రం కుక్కను బయట తిప్పడం మగవాళ్ళ పనిగా పెట్టండి. అలసిన కుక్క ఇంట్లో ప్రశాంతంగా పడుకుంటుంది. ఏటా రేబిస్ టీకా, డాక్టరు చెప్పిన ప్రకారం నట్టల మందు తప్పనిసరి. కుక్క పేగుల్లో ఏలికపాముల గుడ్లు మట్టి ద్వారా పాకే పిల్లల నోట్లోకి పోతాయి. నగరపాలక సంస్థ దగ్గర పెంపుడు కుక్కకు లైసెన్సు తీసుకోవడం మరచిపోవద్దు. జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉండి మనుషుల ప్రాణానికి ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా ఉన్నాయి.

పంపక తప్పనప్పుడు...

కుక్క ఇప్పటికే ఎవరినైనా గట్టిగా కరిచి ఉంటే, బిడ్డను చూడగానే బిగుసుకుపోయి తేరిపార చూస్తుంటే, గిన్నె దగ్గరే కాక ఎక్కడైనా గుర్రుమంటుంటే, ఇంట్లో వేరు చేసే చోటే లేకపోతే, చూసే మనిషే లేకపోతే... పంపేయడమే మంచిది. బిడ్డ ప్రాణం మీద ప్రయోగాలు చేయకూడదు. ఇందులో సిగ్గు పడాల్సిందీ లేదు. భయం భయంగా రోజంతా కట్టేసి, అందరూ కసురుకునే ఇంట్లో ఉండటం కన్నా, ప్రేమగా చూసే మరో ఇంట్లో ఉండటం కుక్కకూ మేలే.

అయితే పంపడం వేరు, వదిలేయడం వేరు. అత్తగారన్నట్టు "యాడన్న వదిలిపెట్టి రావడం" చాలామంది చేసే పనే. రాత్రిపూట బండిలో ఎక్కించుకుని అవుటర్ రింగు రోడ్డు పక్కనో, గుడి దగ్గరో, హోటలు వెనకో దించేసి వస్తారు. ఆ కుక్క ఏమవుతుందో ఆలోచించారా? రోడ్డు దాటడం తెలియదు. ఆ వీధి కుక్కలు రానివ్వవు. తిండి వెతుక్కోవడం రాదు. రోడ్డు మీద చావకపోతే, ఆకలితో, భయంతో మరో వీధికుక్క అవుతుంది. మన బిడ్డ కోసమని వదిలేసిన కుక్క ఎవరో కూలితల్లి బిడ్డ ఆడుకునే చోట తిరుగుతుంది! అంబర్‌పేట బాబును తలుచుకుని ఏడ్చిన మనం చేయాల్సిన పనేనా ఇది?

చట్టం కూడా ఒప్పుకోదు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. అందులో రాసిన జరిమానా చూస్తే నవ్వొస్తుంది. మొదటిసారికి పది నుంచి యాభై రూపాయలు! జరిమానాకు భయపడి కాదు, మనసుకు భయపడి మానుకోవాలి.

సరైన ఇల్లు వెతకడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాల్లో అడ్డతలుపు ఏర్పాటు ఎలాగూ ఉండాలి. ముందు తెలిసినవాళ్ళలోనే వెతకండి. పిల్లలు పెద్దవాళ్ళయిన ఇల్లు, కుక్కకు మీరు ముందే పరిచయమున్న ఇల్లు అయితే మంచిది. ఫామ్‌హౌస్ వాళ్ళు అడిగితే సంబరపడిపోకండి. వారానికోసారి వచ్చే యజమాని, ఏడు రోజులూ గొలుసు... అలాంటి చోటా కాదా అని కళ్ళారా చూసి రండి.

తీసుకునేవారికి నిజం చెప్పండి. "పిల్లవాడి మీద గుర్రుమంది, అందుకే ఇస్తున్నాం" అనండి. దాచి ఇస్తే ఆ ఇంటికి వచ్చే పసిపిల్లలకు మీరే ప్రమాదం పంపినట్టు. కరిచిన కుక్కనయితే పశువైద్యుడి సలహా లేకుండా ఎవరికీ ఇవ్వొద్దు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి, టీకాల పుస్తకం, తినే గిన్నె, పడుకునే గోనె పట్టా కూడా పంపండి. పాత వాసనతో త్వరగా కుదురుకుంటుంది. నెల రోజులు చూసి, కుదరకపోతే వెనక్కి తెచ్చుకుంటామని మాట ఇవ్వండి.

తెలిసినవాళ్ళు దొరక్కపోతే జంతు సంక్షేమ సంస్థల్ని అడగండి. అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటివి ఉన్నాయి. ఏ సంస్థలోనైనా గాయపడిన వీధికుక్కలతోనే చోటు నిండిపోయి ఉంటుంది. అందుకని తీసుకెళ్ళి గేటు దగ్గర కట్టేసి రావడం కాకుండా, ముందు మాట్లాడి, కొత్త ఇల్లు వెతకడానికి సాయం అడగండి.

తొందరపడితే...

మన పెద్దలు చెప్పిన ముంగిస కథ మీకు గుర్తుండే ఉంటుంది. తొట్టిలో బిడ్డను కాపలా కాస్తూ పామును చంపిన ముంగిస, నోటికి రక్తంతో తల్లికి ఎదురొస్తుంది. బిడ్డనే చంపిందనుకుని ఆమె దాన్ని కొట్టి చంపేస్తుంది. లోపలికి వెళ్తే బిడ్డ క్షేమం, పక్కన పాము ముక్కలు. పంచతంత్రంలో ఈ కథను పెట్టింది విచారించకుండా చేసే పనుల గురించి చెప్పే భాగంలోనే.

మహాభారతం కూడా కుక్కతోనే మొదలై కుక్కతోనే ముగుస్తుంది. మొదట్లో, ఏ తప్పూ చేయని సరమ పిల్లను జనమేజయుడి తమ్ముళ్ళు కొడతారు. "నా బిడ్డను అకారణంగా ఎందుకు కొట్టారు?" అని ఆ తల్లికుక్క నిలదీస్తుంది. చివర్లో, వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికైనా రానంటాడు ధర్మరాజు. ఆయన వెంట పాకే బిడ్డ లేడు, నిజమే! మనకు బిడ్డే ముందు. కానీ నమ్మి వచ్చినదాన్ని నడిరోడ్డున వదలకూడదన్న మాట మనకూ వర్తిస్తుంది.

ఇంట్లో పెద్ద పిల్లలుంటే వాళ్ళకు అబద్ధం చెప్పొద్దు. "జిమ్మీ పారిపోయింది" అంటే రోజూ గేటు దగ్గర ఎదురు చూస్తారు. "తమ్ముడు చిన్నవాడు, వాడికీ జిమ్మీకీ ఇద్దరికీ కష్టంగా ఉంది, అందుకే ఫలానా వాళ్ళింట్లో ఉంటుంది, మనం వెళ్ళి చూసొద్దాం" అనండి. అర్థం చేసుకుంటారు. చెప్పినట్టు తీసుకెళ్ళండి కూడా.

ఇంతకీ ఆ ఇంట్లో ఏం జరిగింది?

మన గాజులరామారం ఇల్లాలు మర్నాడు పొద్దున్నే ఒక పని చేసింది. క్యాలెండరు కాగితం వెనక పదహారు గంటల లెక్క రాసి శ్రీవారి టిఫిన్ డబ్బా పక్కన పెట్టింది. పదమూడు గంటల ఎదురుగా ఆమె పేరే ఉంది. ఆయన కాగితం చదివి చాలాసేపు మాట్లాడలేదు. జిమ్మీని డాక్టరుకు చూపించారు. చెవిలో పుండు బయటపడింది. మందులు వాడారు. గడపకు అడ్డతలుపు పెట్టించారు. సాయంత్రాలు ఆయన తిప్పుకొచ్చాడు. నెల రోజులు అలాగే చూశారు.

చెవి తగ్గింది. గుర్రుమనడమూ చాలావరకు తగ్గింది. కానీ బుజ్జిగాడు నిలబడటం నేర్చాడు, అడ్డతలుపు గడియ లాగడం నేర్చాడు. ఓ రాత్రి ఆమె "నా వల్ల కావట్లేదు. దానిమీద నాకు కోపం లేదు. రోజంతా భయపడి భయపడి అలిసిపోయిన" అంది. ఈసారి ఆయన "నువ్వు చూసుకోవాలె గదా" అనలేదు.

మేడ్చల్‌లో వాళ్ళ పెద్దన్న ఇల్లు. కాలేజీకి వెళ్ళే ఇద్దరు పిల్లలు. జిమ్మీకి ఆ ఇల్లు కొత్త కాదు. ముందు ఒక ఆదివారం ఉంచి చూశారు, తర్వాత వారం రోజులు, ఆ తర్వాత పూర్తిగా. గిన్నె, గోనె పట్టా, టీకాల పుస్తకం అన్నీ వెంట వెళ్ళాయి. వెళ్ళే రోజు అందరికన్నా ఎక్కువ ఏడ్చింది అత్తగారేనట!

ఇంకో ఇంట్లో లెక్క మరోలా కుదరొచ్చు. మామగారు రిటైరై రోజంతా వరండాలోనే ఉండొచ్చు, ఇల్లు పెద్దది కావచ్చు, కుక్క ముసలిదై బిడ్డను చూస్తే తనే లేచి పక్కకు పోవచ్చు. అప్పుడు ఉంచుకోవడమే సరి. ఏ ఇంటి నిర్ణయం ఆ ఇంటిదే. ఆ నిర్ణయంలో రోజంతా కాపలా కాసే మనిషి మాట ముందు వినిపించాలి. మీ ఇంట్లో వినిపిస్తోందా?

కుక్క కరిస్తే వెంటనే...

• గాయాన్ని కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. ఇంటి కుక్కయినా, చిన్న గీతయినా సరే. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి పెట్టొద్దు. కట్టు కట్టొద్దు.

• అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. రేబిస్ టీకా కండకు వేస్తే మొదటి రోజుతో మొదలుపెట్టి 3, 7, 14, 28 రోజులకు, చర్మానికి వేస్తే 3, 7, 28 రోజులకు మళ్ళీ వేస్తారు. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు వేసే రోజులు ఎప్పుడో పోయాయి.

• రక్తం వచ్చేలా కరిచినా, గాయం మీద నాకినా టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా కావాలి. తల, ముఖం, మెడ మీద కాటయితే ఒక్క గంట కూడా ఆలస్యం చేయొద్దు.

• మన నగరంలో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఈ చికిత్సకు పేరున్నవి.

• కోపంతో కుక్కను ఆ రాత్రే వదిలేయొద్దు, చంపొద్దు. పది రోజులు వేరుగా ఉంచి గమనించాలి. పది రోజులూ ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని లాలాజలంలో రేబిస్ లేనట్టు. ఆ సంగతి డాక్టరుకు చాలా అవసరం. అయితే పది రోజులు ఆగి టీకా వేయిద్దామని మాత్రం అనుకోవద్దు. టీకా అదే రోజు మొదలుపెట్టాల్సిందే.

• రేబిస్ అనుమానమున్న జంతువులు కరిచినవాళ్ళలో 100కి 40 మంది 15 ఏళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బు నుంచి బతికి బయటపడటం దాదాపు అసాధ్యం. ముందే జాగ్రత్త పడితే నూటికి నూరుపాళ్ళూ నివారించొచ్చు.

• మాటలు రాని బిడ్డ చెప్పలేడు, మాటలొచ్చిన బిడ్డ తిడతారని దాస్తాడు. "కుక్క గీరినా, కొరికినా అమ్మకు చెప్పు, కొట్టను" అని ముందే చెప్పి ఉంచండి.